ఉమ్మడి పార్టిషన్‌లో ఉత్తర్వు

“తేనె తెల్లగా ఉందా?”

“గడ్డ కూడా కట్టింది,” అన్నాడు ఏజెంట్ జోల్దోష్.

కోడ్ సరిపోయింది. కర్నల్ మక్సుత్ జీపు అద్దం దించాడు.

“ఆనకట్ట కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో విదేశీ ముఠా దొంగ ఉత్తర్వు పెట్టింది. మధ్యాహ్నం డ్యూటీకొచ్చే ఆపరేటర్ వాళ్ళ మనిషే. వాడు విండోస్‌లో దాన్ని నొక్కితే గేట్లన్నీ తెరుచుకుంటాయ్. గేట్లు మూసి ఉంచే అసలు ఉత్తర్వు అదే కంప్యూటర్‌లో లినక్స్ వైపు భద్రంగా ఉంది. విండోస్, లినక్స్ రెండూ చదివే ఉమ్మడి డిస్కు భాగం, ఆ పార్టిషన్‌లోకి, అదే పేరుతో, దొంగదాని మీదకి మార్చెయ్. వాడు నొక్కాలి, గేట్లు కదలకూడదు, నొక్కుతుండగానే వాడు మనకి దొరకాలి. కింద లోయలో మీ పాప బడి ఉంది, తెలుసుగా?”

“తెలుసు సార్.”

భార్యను మట్టికప్పగించిన వసంతం నుండి జోల్దోష్‌కు సమస్త వార్తలూ పరాయి ఊరి వార్తలుగానే అందుతున్నాయి. కూతురి ప్రస్తావనకూ గుండె వేగం మారలేదు. దైవం తన మనసు ద్వారమును ఎందుకు మూసెనో అడగడం అతడు ఎన్నడో మానుకున్నాడు.

మెకానిక్ వేషం, కల్పాక్ టోపీ మడతలో చిన్న రేడియో. కంట్రోల్ రూమ్‌లో బెర్మెత్ ఎదురైంది. ముఠా జీతం తీసుకుంటూ కర్నల్‌కు పనిచేసే సుందరి. పట్టు రుమాలు, ముత్యాల దుద్దులు.

“విండోస్ నుంచి లినక్స్‌కి మార్చి పెట్టానన్నయ్యా. కానివ్వు.”

అతడు ఫైలును మార్చబోయాడు. తెరపై సమాధానం: ఈ పార్టిషన్‌ను చదవవచ్చు, రాయరాదు.

“విండోస్ ఆపావా, నిద్రపుచ్చావా?”

“రెండూ ఒకటి కాదా?”

“కాదు తల్లీ. అది నిద్రలో ఉన్నంతసేపూ పార్టిషన్ దాని గుప్పిట్లోనే ఉంటుంది.”

“అయ్యో! వాడు మెట్లెక్కుతున్నాడు!”

“నవ్వించి కాసేపు ఆపు, పో.”

ఆమె తలుపు దగ్గరకు పరుగెత్తింది. అతడు విండోస్‌ను మేల్కొలిపి, పూర్తిగా ఆపి, లినక్స్‌ను తెరిచాడు. ఈసారి పార్టిషన్ అంగీకరించింది. విభాగం దాటే ఫైలు ముందు నకలై, పిదప మూలమున చెరుగును. అందువలన తెరపై పని ఎంతైందో చూపే పచ్చగీత మెల్లగా సాగింది. బయట బెర్మెత్ గొంతు: “చాయ్ తాగకుండా ఎక్కడికి బావా? వేయించిన బోర్సోక్ రొట్టెలు చల్లారిపోతాయ్!”

గీత నిండింది. అతడు తిరిగి విండోస్ తెరిచేసరికి ఆపరేటర్ గుమ్మంలో నిలిచి ఉన్నాడు.

“ఇంకా అవలేదా?”

“అయింది, కూర్చోండి.”

ఆపరేటర్ ఉత్తర్వును నొక్కాడు. గేట్లు కదలలేదు. మళ్ళీ నొక్కాడు. జోల్దోష్ టోపీని తాకాడు. రేడియో సంకేతంతో కర్నల్ మనుషులు లోపలికి దూకారు.

“పాప క్షేమం,” అన్నాడు కర్నల్. “సంతోషం లేదా?”

“చదవగలుగుతున్నాను సార్. లోపల ఏదీ రాసుకోవట్లేదు.”

బెర్మెత్ చల్లారిన చాయ్ చప్పరించింది.

“అయితే ఇతని మనసునీ ఎవరో నిద్రపుచ్చారు సార్, ఆపలేదు.”