ఫోటోలో ఉన్నది మా ఆయనే

"మీ నాన్నగారు బతికే ఉన్నారటగా?"

జగ్గయ్యపేట శివారు లేఅవుట్లో, గోడలు లేచి కప్పు పడని ఇంటి ముందు బైకు ఆపి, హెల్మెట్ అయినా తియ్యకుండా ఆ కుర్రాడు అడిగిన మొదటి మాట అది. గోడలు తడుపుతున్న రోజారమణి చేతిలో పైపు గిర్రున తిరిగి అతని ప్యాంటు తడిపేసింది. చెయ్యి జారిందని ఆమె అప్పుడు అనలేదు, ఇప్పటికీ అనదు.

"ఎవరండీ మీరు? పొద్దున్నే ఇదేం మాట?"

"వెస్లీ అండి. వార్డు సచివాలయంలో ఇళ్ల పనులు చూస్తా. కొత్తగా వచ్చా. తడపాల్సింది గోడల్నండి, నన్ను కాదు."

"మా నాన్న పోయి ఏళ్లయింది."

"కాయితాల్లో అలాగే ఉంది. కానీ ఫోటోలో ఉన్నారు!"

వెస్లీ ఫోన్ చూపించాడు. సొంతిల్లు లేనివాళ్లకు మొదటి ఇంటికి సర్కారు ఇచ్చే సాయం ఒకేసారి చేతికి రాదు. పని కొంత అయ్యాక యజమాని ఇంటి ముందు నిలబడి ఫోటో దిగాలి. అది పైకి వెళ్లాకే తర్వాతి డబ్బు పడుతుంది. ఆ ఫోటోలో రోజారమణి తల్లి ఆరోగ్యమ్మ చేతులు కట్టుకుని బిర్రబిగుసుకుని నిలబడింది. ఆమె వెనక, కాస్త పైన, పిల్లర్ పక్కన, నీలం గళ్ల చొక్కాలో ఒక మగమనిషి.

"పై ఆఫీసులో సారు చూసి మీ అమ్మగారికి ఫోన్ చేశారట. వెనకాల ఎవరమ్మా అంటే, మా ఆయన అన్నారట. భర్త చనిపోయాడని కదా ఇల్లు రాయించుకుంది? అందుకే డబ్బులు ఆపేశారు."

ఆగింది స్లాబు డబ్బు. ఉంటున్న అద్దింటివాళ్లు కొడుక్కి పెళ్లి కుదిరింది, ఖాళీ చెయ్యండని రోజూ గుర్తుచేస్తున్నారు. నందిగామ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే రోజారమణి జీతంతో స్లాబు కాదు కదా, మెట్లు కూడా లేవవు.

ఆమె విసురుగా పైకి వేలు చూపించింది. "అదిగో మా నాన్న! వెళ్లి స్టేట్‌మెంట్ తీసుకోండి."

స్లాబు కోసం నిలబెట్టిన సెంట్రింగ్ కర్రకు దిష్టిబొమ్మ వేలాడుతోంది. గడ్డి కూరిన నీలం గళ్ల చొక్కా, కుండ తల, బొగ్గుతో దిద్దిన కోరమీసం. వెస్లీ పడీపడీ నవ్వాడు. కోపంలో ఉన్న రోజారమణికి కూడా నవ్వు ఆగలేదు.

"నవ్వకు నాయనా, ఆ చొక్కా ఆయనదే," అంది ఆరోగ్యమ్మ వెనకనుంచి. "నేను చర్చికెళ్లేదాన్ని, నాకీ దిష్టీ గిష్టీ నమ్మకం లేదు. బొమ్మ కట్టందే స్లాబు పొయ్యనని మేస్త్రి కూర్చున్నాడు. ఎవరో ఊరూపేరూ లేనోణ్ని నా ఇంటికి కాపలా పెట్టుకోవడమెందుకని ఆయన చొక్కా తొడిగా. లారీ తోలి ఎంతమంది ఇళ్లకో సిమెంటు దింపాడు మా ఇశ్రాయేలు. తనకంటూ ఒక్క బస్తా దింపుకోలేదు. ఆ సారు ఎవరని అడిగితే మరేం చెప్పను?"

వెస్లీ నవ్వు ఆగిపోయింది. అప్పుడు తీశాడు హెల్మెట్.

"అమ్మా, ఫోటోలో ఉన్నది ఎవరూ కాదని రాసి సంతకం పెడితే చాలు. మళ్లీ ఫోటో తీసి పంపిస్తా."

"ఎవరూ కాదని నేను రాయను."

"అమ్మా! కప్పు పడదే!" అంది రోజారమణి.

"పడకపోతే పోనీ. ఆయన్ని ఎవరూ కాదని రాసి కట్టుకునే ఇల్లు నాకెందుకే?"

రోజారమణికి ఏడుపొచ్చింది. తల్లి మీద కోపమో, తల్లి అన్నదాంట్లో తప్పు కనపడనందుకు ఉక్రోషమో ఆమెకే తెలియదు. అంతలో వాన అందుకుంది. ముగ్గురూ సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్ కిందికి దూరారు. వెస్లీ మోకాలి మీద కాయితం పెట్టుకుని ఏదో రాసి, పైకి చదివాడు.

"నా భర్త ఇశ్రాయేలు ఈ ఇల్లు చూడకుండానే చనిపోయారు. ఫోటోలో ఉన్నది ఆయన చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ. స్లాబు పడేదాకా దాన్ని తియ్యను."

"ఇలా రాస్తే ఊరుకుంటారా?" అంది రోజారమణి.

"నేను వెళ్లి చెప్తా. తిడితే పడతా."

ఆరోగ్యమ్మ సంతకం పెట్టింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్న అతన్ని రోజారమణి కాసేపు చూసింది. చూడకూడదనుకుని మళ్లీ చూసింది.

"ఇందాక నీళ్లు కొట్టినందుకు సారీ అండి."

"ఏ నీళ్లు? ఇదంతా వానేగా!"

పై ఆఫీసులో అతనికి తిట్లు పడ్డాయి, ఆరోగ్యమ్మ ఖాతాలో డబ్బు పడింది. డబ్బు సంగతి కనుక్కోవడానికి రోజారమణి అతనికి మొదలుపెట్టిన ఫోన్లు ఆ తర్వాత కూడా ఆగలేదు.

"డబ్బులు వచ్చాయిగా, ఇంకేంటండీ?"

"కిటికీ తలుపులు ఎలాంటివి పెట్టాలో అడుగుదామని."

"మేస్త్రిని అడగొచ్చుగా?"

"మేస్త్రి గొంతు బాగుండదు."

స్లాబు పోశారు. తర్వాత ఒక సాయంత్రం ఆరోగ్యమ్మ పైన స్లాబు మీద నీళ్లు నిలబెడుతోంది. కింద, బస్సు దిగి నేరుగా వచ్చిన రోజారమణి బ్యాగు కూడా దించకుండా గబగబా చెప్పేసింది.

"వెస్లీగారూ, మీరంటే నాకిష్టం. ఆ కాయితం రాసిన రోజునుంచీ. కానీ మా అమ్మని ఒంటరిగా వదిలి రాలేను. పెళ్లయ్యాక అమ్మ మనతోనే ఉండాలి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

ఆమె ముఖం చిన్నబోయింది. తల తిప్పేసుకుంది.

"ఆవిడ మనతో ఉండటమేంటండీ? ఇల్లు ఆవిడ పేరు మీదుంది. మనల్ని ఉండనిస్తారో లేదో ఆవిణ్ని అడగాలి," అన్నాడు వెస్లీ. ఆమె తేరుకునేలోపే తలెత్తి కేకేశాడు. "అమ్మా! మా ఇద్దరికీ ఒక గది అద్దెకిస్తారా?"

ఆరోగ్యమ్మ పైపు పక్కన పడేసి స్లాబు అంచు దాకా వచ్చింది. ఎర్రబడిన కూతురి ముఖాన్నీ, కింద నిలబడి దిక్కులు చూస్తున్న కుర్రాణ్నీ మార్చి మార్చి చూసింది. పెళ్లైన నాటినుంచీ నెల తిరక్కుండానే ఎవరో ఒకరి గుమ్మం ముందు డబ్బు పట్టుకుని నిలబడిన మనిషి ఆమె.

"అద్దె అన్న మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు నాయనా," అంది ఆరోగ్యమ్మ. "పెళ్లి చేసుకుని వచ్చి ఉండండి."