పాముచెవుల అబ్బాయి

"ఫోన్‌లో పాటకీ, ఈ ప్లేయర్‌లో పాటకీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉందండీ!" అన్నాడు హైఫై షాపు నడిపే అబ్బాయి. ఎంత సన్నని చప్పుడైనా పట్టేస్తాడని వీధిలో అందరూ అతణ్ణి 'పాముచెవులు' అని పిలిచేవారు.

కొనడానికి వచ్చిన పెద్దాయన అప్పటికే తలూపేస్తున్నాడు. పక్కనున్న కూతురు మాత్రం ఊరుకోలేదు. ఆమె ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది.

"రెండూ డిజిటలే కదా! ఫైల్ అదే, స్పీకర్లు అవే. సౌండ్ సమానంగా పెడితే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"వినే చెవులుండాలి మేడమ్."

"అయితే కళ్లు మూసుకోండి. నేను మారుస్తుంటా, ఏది ఏదో చెప్పండి."

అతను ఫోన్‌ని ప్లేయర్ అన్నాడు. ప్లేయర్‌ని ఫోన్ అన్నాడు. ఆమె ఏమీ మార్చకపోయినా "ఆహా, ప్లేయరంటే ఇదీ!" అన్నాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "ప్రతిసారీ కుడి చెవి స్పీకర్ల వైపు తిప్పుతున్నారు. ఎడమ చెవికి సరిగ్గా వినిపిస్తోందా?"

"ఓడించింది చాలక చెవిటివాణ్ణి కూడా చేస్తారా?" అని విసుక్కున్నాడు.

వాళ్లు వెళ్లాక అతని మనసు ఊరుకోలేదు. కుడి చెవి మూసుకుని అదే పాట పెట్టాడు. గొంతు గోడ అవతలినుంచి వస్తున్నట్టుంది. పాటలు వినిపించి బతికేవాడికి చెవే పోతే ఇంకేం మిగులుతుంది?

మర్నాడు ఆసుపత్రిలో ఆమె ఎదుట తల దించుకుని కూర్చున్నాడు.

"నిన్న నోరు జారానండీ."

"ముందు చెవి సంగతి చూద్దాం. నోటి సంగతి తర్వాత," అంటూ హెడ్‌ఫోన్స్ పెట్టింది.

చెవి లోపలి బుల్లి ఎముక ఒకటి బిగుసుకుపోయిందనీ, ఆపరేషన్‌తో బాగయ్యే అవకాశం ఎక్కువేననీ డాక్టర్ చెప్పాడు. ఆపరేషన్ రోజు ఆమెకి సెలవు. అయినా వచ్చింది. థియేటర్ తలుపు దాకా అతని పక్కనే నడిచింది.

కట్టు విప్పిన కొన్ని వారాలకి, ఒక సాయంత్రం వాన మొదలైంది. కిటికీ అతనికి ఎడమ పక్కనుంది. చినుకులు అటునుంచే, విడివిడిగా వినిపించాయి. కళ్లు తుడుచుకుని, తడుస్తూనే ఆమె ఇంటికి వెళ్లాడు.

ఆమే తలుపు తీసింది.

"మా అమ్మ చేత ఫోనూ ప్లేయరూ మార్పించి మళ్లీ విన్నానండీ, ఈసారి రెండు చెవులతో. నాకైతే తేడా తెలియలేదు. మీదే రైటు."

"ఇది చెప్పడానికి వానలో వచ్చారా?"

"కాదు, థాంక్స్ చెప్దామని. దారంతా అదే అనుకుంటూ వచ్చా. ఒక్కసారి చెబితే తీరేలా లేదు. మీరు ఒప్పుకుంటే... జీవితాంతం కొంచెం కొంచెంగా చెప్పుకుంటా."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "మెల్లగా! నాన్న వింటారు."

"విన్నానమ్మా!" అన్నాడు పెద్దాయన లోపలినుంచి. "అతణ్ణి అలా వానలో నిలబెట్టావేంటి? నీకిష్టమైతే లోపలికి పిలువు. లేదంటే గొడుగిచ్చి పంపించు."

"గొడుగు కనిపించట్లేదు నాన్నా," అంది ఆమె, తలుపు బార్లా తీస్తూ.