వాసన పోయేదాకా ఆగు

ఆ కాలేజీలో గ్యాస్ గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్లమంటే ఎంతటివాళ్లకైనా ఉన్నట్టుండి ఇంకేదో పని గుర్తొచ్చేదట. మా పిన్ని డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది అక్కడే. తను చెప్పగా విన్నదే ఇది. చెబుతున్నంతసేపూ తన మొహం చూడాలి, చెప్పు కింద ఏదో మెత్తగా తగిలినట్టు.

చిన్న కాలేజీ. ల్యాబంటే ఒక పొడుగాటి హాలు, నాలుగు బల్లలు, పగుళ్లిచ్చిన సింకులు. ఆ సింకుల గురించి చెప్పకపోవడమే మంచిది... అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిగట, అందులో వెంట్రుకలు, సగం కాలిన అగ్గిపుల్లలు, ఎవరో నమిలి ఊసిన పెన్సిలు ముక్కలు. ఛీ.

హాలు చివర బాత్రూమంత గది. అందులో గాజు బుడ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే పరికరం. టాప్ తిప్పితే కుళ్లిన కోడిగుడ్డు కంపుతో గ్యాస్ వస్తుంది. ఇచ్చిన ఉప్పుని కరిగించి ఆ నీళ్లలోకి గ్యాస్ పంపాలి. నల్లగానో పచ్చగానో అడుగున మడ్డి దిగుతుంది. ఆ రంగుని బట్టి ఉప్పు ఏదో తేల్చాలి. తేల్చలేకపోతే పరీక్ష గోవిందా.

ఎప్పుడో ఒకమ్మాయి ఆ గదిలో కుప్పకూలి చచ్చిపోయిందట. చీకటి పడ్డాక టాప్ ఎవరూ ముట్టుకోకపోయినా కంపు వస్తుందట. కంపు ఉన్నంతసేపూ ఆ అమ్మాయి దెయ్యం లోపల ఉన్నట్టే. అప్పుడు వెళ్లకూడదు. గుమ్మం దగ్గరే నిలబడి మెల్లగా నూరు లెక్కపెట్టాలి. వాసన పోయిందా— అది వెళ్లిపోయినట్టే, ఇక భయం లేదు.

పిన్ని మూడో ఏడాదిలో ఉన్నప్పుడు మొదటి ఏడాదిలో ఒక పిల్ల ఉండేది. రెండు జడలు వేసుకునేది, ఎవరేం చెప్పినా నోరు తెరుచుకుని వినేది. ఉప్పు రెండుసార్లు తప్పు చెప్పిందని లెక్చరర్ అందరి ముందూ, "నువ్వు వంటింట్లో ఉప్పుని గుర్తుపట్టు తల్లీ, అదే పదివేలు" అన్నాడట. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్ష. ఎలాగైనా ఆ సాయంత్రం ఒక్క ఉప్పయినా సరిగ్గా తేల్చాలని ఒక్కతే ల్యాబులో ఉండిపోయింది.

కరెంటు పోయింది.

ఆ టాప్ ఎప్పుడూ సరిగ్గా బిగిసేది కాదు. గది గోడకున్న ఫ్యాను గ్యాసుని బయటికి తోస్తున్నంతసేపూ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఫ్యాను ఆగింది.

ఆ పిల్ల టార్చి, పరీక్షనాళిక పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. గుప్పుమంది కంపు. మామూలు కంపు కాదు. గొంతులో దిగి, నాలుక మీద పూతలా కూర్చుంది. రుమాలు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఒకటి... రెండు... మూడు...

ఇరవై దాటింది. కళ్లు మండుతున్నాయి. నలభై దాటింది. కంపు కాస్త తగ్గింది... ఇంకాస్త తగ్గింది... ఆ తర్వాత అసలు లేనే లేదు. చుట్టూ గాలి కడిగినంత శుభ్రంగా అనిపించింది.

"అమ్మయ్య... వెళ్లిపోయింది," అనుకుంది.

లోపలికి అడుగు పెట్టింది.

టార్చి వెలుగు చుట్టూ రంగురంగుల వలయాలు. అవి పెద్దవవుతున్నాయి... దగ్గరికొస్తున్నాయి... వాటి మధ్య ఎవరో నిలబడ్డట్టు. పక్కకి ఒరిగిపోయింది. నాళిక జారి భళ్లుమంది.

వెనక నుంచి ఒక చెయ్యి— జడ పట్టుకుని లాగింది.

పక్క గదిలో పిన్నీ, తన క్లాసువాళ్లూ కొవ్వొత్తి వెలుగులో రికార్డులు రాసుకుంటున్నారు. అటెండర్ కేకలు విని పరుగెత్తుకొచ్చేసరికి, వరండాలో ఆ పిల్ల బోర్లా పడి వాంతి చేసుకుంటోంది. జడ చుట్టుకున్న చేతితో ముసలి అటెండర్, చేపలా నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్నాడు. తాళం వేద్దామని వచ్చాడట. పిన్ని ఆ పిల్ల తల పట్టుకుంది. వెచ్చగా, పుల్లగా అంతా తన పాదాల మీదే పడింది.

"వాసన... పోయింది తాతా... పోయాకే వెళ్లాను..." ఆ పిల్ల గొణుగుతోంది.

"వాసన పోవడమేంటే! గ్యాసు ఎక్కడికీ పోలేదు. పోయింది నీ ముక్కు!" అటెండర్ కసిరాడు. "అది ఎక్కువైతే ముందు ముక్కుని చంపేస్తుంది. ఏమీ తెలియట్లేదంటే పారిపోవాలి, లోపలికి పోవడం కాదు. ఇంకో నిమిషం ఆలస్యమైతే శవాన్ని లాగేవాణ్ణి." పిన్నీవాళ్ల వైపు తిరిగాడట. "ఎవరు చెప్పారు ఈ పిల్లకి, ఆగి వెళ్లమని?"

మూడేళ్లు కెమిస్ట్రీ వెలగబెట్టినవాళ్లలో ఒక్కరికీ ఆ గ్యాసు ముక్కుని చంపుతుందన్న ముక్క తెలీదు. పుస్తకంలో ఉంది. పరీక్షలో అడగరని ఆ పేజీ వదిలేశారు. వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తన పరీక్షవగానే పిన్ని ఆసుపత్రికి వెళ్లింది. ఆ పిల్ల కళ్లు రక్తం పూసినట్టున్నాయి. వాళ్లమ్మ మంచం పక్కన కూర్చుని చిక్కుపడ్డ జుట్టు విడదీస్తోంది. జుట్టులో ఇంకా ఆ కంపు ఉంది.

పిన్నిని చూడగానే ఆ పిల్ల మొహం విప్పారింది.

"అక్కా... మీరు నూరు లెక్కపెట్టమన్నారు కదా. నేను అరవైకే వాసన పోయిందని వెళ్లిపోయాను. అందుకేనా?"

పడుకుని వింటున్న నేను లేచి కూర్చున్నాను. "పిన్నీ... ఆ మాట చెప్పింది నువ్వా?"

"దెయ్యం మాట మా సీనియర్లది. ఆగడం, లెక్కపెట్టడం నావి," అంది పిన్ని, గోడవైపు చూస్తూ. "ఆ గదంటే భయమని ఏడుస్తుంటే, ధైర్యం చెబుదామని అప్పటికప్పుడు కల్పించాను. నిజం చెప్పేద్దామనే ఆసుపత్రికి వెళ్లాను. వాళ్లమ్మని చూసేసరికి నోరు రాలేదు."

"మరి... ఏమన్నావు?"

"అవునమ్మా, తొందరపడ్డావు, అన్నాను."

నాకు అసహ్యమేసింది. దాచలేదు కూడా. పిన్ని చూసింది. మిగతాది కూడా చెప్పేసింది.

"వాళ్లమ్మ నవ్వి నా చెయ్యి పట్టుకుంది. 'చిన్నప్పట్నుంచీ దీనికి తొందరేనమ్మా. ఇకమీదట నువ్వే కాస్త దగ్గరుండి చెబుతూ ఉండు. నీ మాటైతే వింటుంది,' అంది."