వకుళ పిలిచినా రాని విమోచన

మణిగిరి రాజ్యాన్ని నడిపేది పేరుకు రాజుగారే గాని, నిజానికి కోటలోని మాయాయంత్రం. కాలువలకు నీళ్ళు వదలాలన్నా అందులో కోడు రాయవలసిందే. యంత్రంలోని ఒక్కొక్క ఫోల్డరూ ఒక గది, గదిలోని ఫైళ్ళే మంత్రాలు. ఒకనాడు ధూమ్రాక్షుడనే మాంత్రికుడు అందులో శాపపు ఫైలు పెట్టిపోయాడు. కాలువలు ఎండిపోయాయి. దాన్ని తీసివేయబోయిన నందకుడనే యువకుడు ఆ శాపం గదిలోనే పాదాల నుంచి రాయిగా మారసాగాడు.

అన్నను విడిపించడానికి చెల్లెలు వకుళ యంత్రంలోకి దిగింది. పాపం, ఆ పిల్ల కోడు నేర్వడం మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు. అరకొర చదువూ, కొండంత ధైర్యమూ! శాపం గదిలో అన్న పక్కనే కూర్చుని కోడు రాసి, శాపాన్ని విప్పే ఫైలును "విమోచనా, రా!" అని పిలిచింది.

ఎవరు ఎక్కడ కోడు రాస్తే ఆ గడప మీద వాలే కాపలా భూతం పకపకా నవ్వింది. "ఆ పేరు గలది ఇక్కడ లేదే పిల్లా!"

విమోచన ఉన్నది ఔషధం గదిలో మరి! పిలుపు తప్పిన ప్రతిసారీ రాయి పైకి పాకుతుంది. నందకుడి మోకాళ్ళు బిగుసుకుపోయాయి.

వకుళ పరుగున వెళ్ళి ఆ ఫైలుకు నకలు తెచ్చుకుంది. అతితెలివి! విమోచనకు అవసరమైన తోడు ఫైళ్ళు ఔషధం గదిలోనే ఉండిపోయాయి. ఒంటరి నకలు నోరు మెదపలేదు. రాయి అన్న గుండె దాకా వచ్చింది. వకుళకు ఏడుపు ముంచుకొచ్చింది.

పైకప్పుకు వేలాడుతున్న ముసలి గబ్బిలం కళ్ళు తెరిచింది. "ఎక్కడ మొదలుపెట్టావమ్మా?"

"ఇక్కడే తాతా, మా అన్న పక్కనే."

"అదీ సంగతి! నువ్వు మొదలుపెట్టిన గదీ, దాని లోపలి గదులూ తప్ప ఈ భూతానికి మరేమీ కనబడవు. సింహద్వారం దగ్గర మొదలుపెట్టు, అన్నీ కనబడతాయి. ముందు గది పేరు చెప్పు, తరువాత ఫైలు పేరు."

వకుళ లేచింది.

"నన్నొదిలి పోకే చెల్లీ!" అన్నాడు నందకుడు బొంగురు గొంతుతో.

"పోతేనే గాని నువ్వు దక్కవన్నయ్యా!" అని ఆమె వెనుదిరగకుండా పరుగెత్తింది. తిరిగి చూస్తే కాళ్ళు కదలవని భయం.

సింహద్వారం దగ్గర మళ్ళీ రాసింది. "ఔషధం గదిలోని విమోచనా, రా! శాపం గదిలోని మా అన్నను విడిపించు!"

భూతం ఈసారి నవ్వలేదు. పక్కకు తొలగింది. అయినా లోపలి నుంచి చప్పుడు లేదు. ఆలస్యమైపోయిందేమోనని వకుళ కూలబడిపోయింది. ఎంతసేపటికో బరువైన అడుగులు వినిపించాయి. నందకుడు కుంటుకుంటూ వచ్చి ఎదుట నిలిచాడు.

శాపం విడిపోయి కాలువల్లో నీళ్ళు పారాయి. రాజుగారు యంత్రాధికారం వకుళకే కట్టబెట్టారు. కాని ఆ క్షణాన ఆమెకు అవేవీ పట్టలేదు.

"వదిలేసి పోయావని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టానే," అన్నాడు అన్న.

"తిట్టు అన్నయ్యా! నూరేళ్ళు బతికి, రోజూ తిట్టు!" అంటూ వకుళ అతని చేతులు పట్టుకుని బావురుమంది.