ఏడు, మూడు, ఆ తర్వాత

లాయరు గది బయట వేసిన బల్లకి ఒక కాలు పొట్టి. ఒకరు లేస్తే చాలు, రెండో చివర కూర్చున్నవాళ్ళు పక్కకి ఒరిగిపోతారు. ఆరు వారాలుగా వచ్చిపోతున్న కాలరమ్మకి ఏ చివర కూర్చోవాలో బాగానే తెలిసిపోయింది. ఆవిడ అసలు పేరుతో అక్కడ ఎవరికీ పనిలేదు. చొక్కాల కంపెనీకి ఇంట్లో కూర్చుని కాలర్లు మాత్రమే కుడుతుంది. అందుకని కాలరమ్మ. మిగతా చొక్కా ఎవరు కుడతారో ఆవిడకీ తెలియదు.

భర్తది ఒకే కుర్చీ ఉన్న సెలూన్. ఆ కుర్చీలో కూర్చునేది వచ్చినవాళ్ళు కానీ కత్తెర పట్టుకున్నవాడు కాదుగా. రోజంతా నిలబడాలి. ఇప్పుడు ఆయన కుడికాలు రెండు చోట్ల విరిగి, లోపల ఇనప కడ్డీతో మంచం మీద ఉంది. ఈ నెలలోగా రెండో ఆపరేషన్ జరగకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుందని, ఇక నిలబడే పని మరిచిపోవాలని డాక్టరు చెప్పేశాడు. ఆపరేషన్‌కి డబ్బు నష్టపరిహారం నుంచి రావాలి. వేరే దారి లేదు. అప్పిచ్చేవాళ్ళంతా ఇప్పటికే మొహం చాటేశారు.

వాళ్ళ పాత కారుని గుద్దింది పార్సిళ్ళ వ్యాను. అదీ వాళ్ళ సందు మలుపులోనే, సాయంత్రం ఆరూ పదికి. వ్యాను నడిపినవాడు ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. కంపెనీవాళ్ళు మర్నాడే చేతులు దులుపుకున్నారు. "అతని డ్యూటీ అప్పటికే అయిపోయింది మేడమ్. ఆఖరి పార్సిల్ ఇచ్చేశాక సొంత పని మీద తిరుగుతుంటే మాకేం సంబంధం?" అన్నారు.

లాయరు మాత్రం వాళ్ళ జాబితా తెప్పించి చూశాడు. ఒక పార్సిల్ ఇంకా దారిలోనే ఉంది. చూస్తే అది కాలరమ్మ ఇంటిదే. భర్త సెలూన్ కోసం తెప్పించుకున్న జుట్టు కత్తిరించే మిషను. వ్యానంతా వెతికినా ఆ పెట్టె దొరకలేదు.

"మన బలమంతా అదేనమ్మా," అన్నాడు లాయరు కళ్ళజోడు తుడుచుకుంటూ. "పార్సిల్ అందనంత కాలం అతను డ్యూటీలో ఉన్నట్టే లెక్క. సోమవారం విచారణలో వాళ్ళ కంప్యూటర్ అందరి ముందూ తెరిపిస్తాను. ఆ జాబితా ఫొటోలు, అచ్చు కాగితాలు చెల్లవంటున్నారు. అప్పటిదాకా మీ ఫోనుకొచ్చిన నాలుగంకెల నంబరు ఎవరికీ చెప్పకండి. అది చెప్తే పార్సిల్ అందినట్టే. నాక్కూడా చెప్పొద్దు."

"మీకెందుకు చెప్తాను బాబూ, మా ఆయనకే చెప్పలేదు," అంది కాలరమ్మ.

చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది. అది లాయరుకీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కారులో ఉండగా వ్యాను డ్రైవరు ఫోన్ చేశాడు. "అమ్మా, మీ సందులోకి వస్తున్నా. ఇదే ఆఖరు పార్సిల్. నంబరు ఇప్పుడే చెప్పేయండమ్మా, ఇంటికి పోవాలి." గుమ్మం దగ్గర చెప్పాల్సిన నంబరు అది. తొందరలో ఉన్నవాళ్ళు ముందే అడుగుతారు, మనమూ చెప్పేస్తాం. ఆవిడ ఫోను చెవికి పెట్టుకుని "ఏడు... మూడు..." అంది. వాడు తల వంచి ఆ రెండంకెలూ కొడుతున్నాడు కాబోలు. అంతే. అద్దాలన్నీ వాళ్ళ ఒళ్ళో పడ్డాయి. పక్క సీట్లో కారు నడుపుతున్న భర్త, ఆవిడ చొక్కాల కంపెనీవాళ్ళతో మాట్లాడుతోందనే ఇప్పటికీ అనుకుంటున్నాడు.

ఆవిడ కిందికి దిగేసరికి డ్రైవరు సీటుకీ స్టీరింగుకీ మధ్య నలిగిపోయి ఉన్నాడు. ఒక కాలు తలుపులోంచి బయటికి వేలాడుతోంది. బూటు అడుగు అట్ట ఊడి నాలుకలా కిందికి జారింది. చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. "మిగతా రెండూ చెప్పండమ్మా," అన్నాడు మెల్లగా. నెత్తురు కారుతున్నా వాడి ధ్యాస దాని మీదే ఉంది.

"ఆగు నాయనా, చెప్తాను," అని ఆవిడ భర్త వైపు పరిగెత్తింది.

ఇంకేముంది, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు.

కంపెనీవాళ్ళు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేవారు. "పార్సిల్ పోయింది మేడమ్, మీ డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. ఆ నంబరు చెప్తే ఇక్కడ మూసేస్తాం." తీయటి మాటలు. మర్నాడు మగ గొంతు, ఆ మర్నాడు ఆడ గొంతు. కాలరమ్మకి ప్రాణం విసిగిపోయింది. పగలు లాయరు ఆఫీసు, ఆస్పత్రిలో డబ్బు కట్టే కిటికీ, పోలీసుల కాగితాలు. వాటితో చెప్పులరిగిపోయాయి. ఇంటికొస్తే కాలర్ల మూట. నిద్రలో కూడా ఆవిడ నోరు మాత్రం తెరవలేదు. నిజంగానే. పడుకునేముందు పమిట చెంగు నోట్లో కుక్కుకునేది.

ఒకరోజు ఆ పొట్టికాలు బల్ల మీద డ్రైవరు భార్య వచ్చి కాలరమ్మ పక్కన కూర్చుంది. ఆమెకి రావలసిన డబ్బు కూడా ఆ పార్సిల్‌తోనే ముడిపడి ఉంది. ఆమే ముందుగా అంది. "చేతిలో ఒక్క పార్సిల్ మిగిలినా ఇంటికొచ్చే మనిషి కాదక్కా. ఎంత పొద్దుపోయినా ఇచ్చే వచ్చేవాడు."

కాలరమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. పట్టుకుంటే ఆ ఫోన్ సంగతి చెప్పేస్తానేమోనని భయమేసింది.

మెట్ల మీద చప్పుడు మొదలైంది ఆ వారమే.

సాయంత్రం, సరిగ్గా ఆరూ పదికి. ఒక అడుగు మామూలుగా పడేది. రెండోది పడ్డాక చప్‌మని అట్ట కొట్టుకునేది. ఆగేది. మళ్ళీ ఒక అడుగు, మళ్ళీ చప్. మొదటిరోజు కింది అంతస్తులో ఆగిపోయింది. మూడోరోజుకి రెండో అంతస్తు దాటింది.

"ఏమే," అన్నాడు భర్త మంచం మీదినుంచి లోగొంతుతో. "ఎవరో ఎక్కుతున్నారు."

"పై ఇంటివాళ్ళులెండి."

"పైన ఇల్లేదే? మనదే పై అంతస్తు."

ఆవిడ కుట్టు మిషను తొక్కింది. తలుపు కిందినుంచి తడిసిన అట్టపెట్టె వాసన, దాని వెనకే కాలిన టైరు వాసన వచ్చాయి. ఫోను మోగి ఒక మెసేజ్ కనిపించింది. మీ పార్సిల్ దారిలో ఉంది. కంపెనీవాళ్ళ కొత్త నాటకమనుకుంది. అలా అనుకోవడమే తేలిక మరి.

ఆదివారం వచ్చింది. తెల్లవారితే విచారణ. లాయరు ఫోన్ చేసి, "ఈ ఒక్కరోజు ఓపిక పట్టండమ్మా," అన్నాడు. సోమవారం పొద్దున్నే ఇవ్వాల్సిన కాలర్లు ఇంకా రెండొందలు మిగిలాయి. పైగా వాన. అయిదున్నరకే గది చీకటిపడింది. ఆరింటికి కరెంటు కూడా పోయింది. ఆవిడ తలుపు గడియ వేసింది. పై గొళ్ళెం, కింది గొళ్ళెం కూడా పెట్టింది. కొవ్వొత్తి వెలిగించి మిషను పక్కన పెట్టుకుని, కుట్టిన కాలర్లని పదేసి చొప్పున కట్టలు కట్టడం మొదలుపెట్టింది. లోపలి గది తెర వెనక భర్త మందు ప్రభావంతో గురక పెడుతున్నాడు.

"ఒకటి... రెండు... మూడు..."

ముందురోజు రాత్రంతా నిద్ర లేదేమో, కళ్ళు మూతలు పడుతున్నాయి. వాన చప్పుడు ఒకటే. పది అయ్యాక కట్ట, మళ్ళీ ఒకటి నుంచి. వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. పెదవులూ అంతే.

మెట్ల మీద అడుగు. చప్.

ఆవిడ తల ఎత్తలేదు. "నాలుగు... అయిదు..."

అడుగు. చప్. ఈసారి ఆగలేదు. అడుగు. చప్... అడుగు... చప్...

గుమ్మం ముందు ఆగింది.

వాసన గుప్పుమంది. కొవ్వొత్తి మంట ఒక పక్కకి వంగి, అలాగే ఉండిపోయింది. తలుపు కొట్టలేదు. ఎవరో చెక్కకి నుదురు ఆనించినట్టు చిన్న చప్పుడు. తర్వాత అలిసిపోయిన గొంతు.

"ఏడు..."

ఆవిడ చేతిలో కాలరు ఆగింది.

"మూడు..."

ఎదురుచూపు. తలుపు అవతల ఊపిరి లేదు. వాన మాత్రమే. కాలరమ్మకి ఆ గొంతు మీద భయం కన్నా జాలే ఎక్కువ కలిగింది. వాడికీ ఆరు వారాలే. తనలాగే ఎక్కడం, దిగడం, ఎక్కడం. ఇంటికి పోవాలన్నాడు పాపం. చెప్తానన్నది తనే కదా...

"ఏడు... మూడు..." అంది గొంతు మళ్ళీ. కోపం లేదు. అలసట మాత్రమే.

"సున్నా," అంది ఆవిడ. "తొమ్మిది."

నిద్రమత్తులో నోరు జారిందో, కావాలనే అందో... తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకే తేలలేదు. మాట నోట్లోంచి బయటపడ్డాక రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏం లాభం?

తలుపు అవతల ఎవరో పెద్దగా నిట్టూర్చారు. అడుగులు దిగిపోతాయని చూసింది.

దిగలేదు.

ఫోను మోగింది. మీ పార్సిల్ అందింది. ధన్యవాదాలు.

కింద తేదీ ఉంది. ప్రమాదం జరిగిన తేదీ. సమయం ఆరూ తొమ్మిది.

పోలీసు కాగితంలో ఆరూ పది. అంటే ఒక్క నిమిషం ముందే డ్యూటీ అయిపోయింది. రేపు అందరి ముందూ తెరిచే కంప్యూటర్‌లో ఇదే కనబడుతుంది. ఆస్పత్రి కిటికీ, లాయరు బల్ల, డ్రైవరు భార్య పిల్చిన ఆ 'అక్కా', అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. భర్త కాలు తన నోటితోనే పోగొట్టానని ఆవిడకి ఏడుపొచ్చింది. గట్టిగా ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మెసేజ్ కింద ఒక ఫొటో ఉంది. పార్సిల్ ఇచ్చాక సాక్ష్యంగా తీస్తారే, అలాంటిది. ఆవిడ కొవ్వొత్తి దగ్గరగా జరుపుకుని చూసింది.

గుమ్మం. రెండు గొళ్ళేలూ వేసి ఉన్న తలుపు. తలుపుకి ఇవతల, నేల మీద, తడిసిన అట్టపెట్టె. ఫొటోలో ఒక మూల కొవ్వొత్తి, మిషను, మెడలో కొలతల టేపు వేసుకుని వంగి కూర్చున్న ఒక ఆడమనిషి వీపు.

ఆవిడ తలుపు వైపు చూసింది. గొళ్ళేలు వేసే ఉన్నాయి. పెట్టె అక్కడే ఉంది. దాని చుట్టూ నీళ్ళు పాకుతున్నాయి.

ఫొటో తీసింది తన వెనకనుంచి. లోపలి గది తెర దగ్గరనుంచి.

అప్పుడు తెలిసింది, గురక ఆగిపోయి చాలాసేపైందని.

"ఏవండీ..." అంది తిరగకుండా, గుసగుసగా.

మంచం కిర్రుమంది. ఎవరో లేచి నిలబడ్డారు. ఆరు వారాలుగా నేల మీద మోపని పాదాలు... రెండూ నేల మీద పడ్డాయి. ఒక అడుగు. ఆ తర్వాత... చప్.

అడుగు... చప్...

తెర పక్కకి జరిగింది. ఇన్నేళ్ళుగా ఆవిడని 'ఏమే' అని తప్ప పిలవని భర్త గొంతు, సరిగ్గా ఆవిడ భుజం వెనకనుంచి, ఎంతో మర్యాదగా అంది.

"అమ్మా... పార్సిల్ ఒకసారి సరిచూసుకోండి."