నిద్రపుచ్చిన నాలుగో కోర్

వాన... మసక సాయంత్రం... పరుగు!

కలకత్తా పక్క బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు గోడ వెంట నాగేశ్వరి చెప్పులు వదిలేసి పరుగెడుతోంది. ముందు రెయిన్‌కోట్ మనిషి. అతని చంకలో టిఫిన్ డబ్బా అంత ఉక్కు పెట్టె.

అది గంగలో పడితే... నాన్న జైలుకే!

తండ్రి కూర్మయ్య ఈ మిల్లు రైలుపట్టాల దగ్గర గేట్‌మన్. పదిరోజుల కిందట, దాటమని పచ్చలైటు వెలిగితే, పట్టాల మీద అడుగు పెట్టి మిల్లు కూలీ వెంకటేశు రైలు కింద పడి చనిపోయాడు. తప్పు గేట్‌మన్‌దే అన్నారు. కాని లైటును నడిపేది ఆ ఉక్కు పెట్టెలోని చిప్. ఎవరు ఏం మార్చారో అంతా అందులో రాసి ఉంది. సాల్ట్ లేక్ ఆఫీసులో దాన్ని తయారుచేసింది నాగేశ్వరే. రేపు పోలీసుల ముందు చదివి వినిపించవలసిందీ ఆమే.

"ధోరో! పట్టుకోండి! దొంగ!"

జెట్టీ మెట్లు. మనిషి జారతాడు. కాలర్ దొరుకుతుంది. టోపీ ఊడుతుంది.

నాన్న!

"ఏటే బుల్లీ, ఇలాగ తడిసిపోనావు?"

"నాన్నా! నిన్ను బయటపడేసేది అదొక్కటే!"

"నిన్ను ముంచీదీ అదే."

"నన్నా?"

"వానలకి సోలారు పలక సార్జి అవట్లేదని, లేప్‌టాప్ ఎట్టి అందులో ఒకదాన్ని నిద్రపుచ్చినావు. 'రేపొచ్చి లేపుతాను' అన్నావు. వచ్చినావేటి?"

నాగేశ్వరి చేయి కాలర్ వదిలేస్తుంది.

చిప్‌లో నాలుగు కోర్లు, నాలుగు మెదళ్లలాంటివి. మూడు లైటును నడుపుతాయి. నాలుగోది వాటి తప్పు పట్టుకుంటుంది. కరెంటు ఆదాకని ఆమె నిద్రపుచ్చింది ఆ నాలుగోదాన్నే! మర్నాడు మీటింగు. ఆ మర్నాడు మరొకటి. మూడో రోజు లైటు తప్పు వెలిగింది. పట్టుకునేవాడు లేడు.

తండ్రి కోసం ఏడ్చిన పది రోజుల్లో ఆ సంగతి ఆమెకు ఒక్కసారీ గుర్తురాలేదు!

విజిల్... టార్చిలైట్లు... బూట్ల చప్పుడు!

కూర్మయ్య చేతిలో స్క్రూడ్రైవర్.

"వద్దు! మూత తీస్తే..."

"అంతా సెరిగిపోద్ది. అన్నం తింటా నువ్వే గొప్పలు సెప్పినావు గదే."

చివరి స్క్రూ మెట్టు మీద టింగున పడుతుంది.

లోపలి చిన్న ఎర్రదీపం... ఆరిపోతుంది.

"ఎవరు పగలగొట్టింది?" బెంగాలీ ఎస్సై గర్జిస్తాడు.

"ఆమి, బాబూ. నేనే." కూర్మయ్య రెండు చేతులూ చాపుతాడు.

"కాదు! చేసింది నేను! వెంకటేశును చంపింది నేను!"

ఎస్సై ఆమె తడిసిన ముఖం చూస్తాడు. తండ్రికి అడ్డుపడే కూతుళ్లు అతనికి కొత్త కాదు. సంకెళ్లు బిగిస్తూ జాలిగా అడుగుతాడు:

"ప్రూఫ్ ఏది, దీదీ?"