గురువారం ఈత

గురువారం సాయంత్రం ఈతకు వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది నా ప్రియురాలు బొరోక. తిరిగి వచ్చినప్పుడు ఆమె జుట్టు పొడిగా ఉంది. పందికొవ్వులో వేగిన ఉల్లిపాయల వాసన వేస్తోంది.

"ఈత బాగా సాగిందా?" అన్నాను.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి, వెండెల్," అంటూ నా చెంప మీద వేలితో తట్టింది. ఆ వేలిగోటి కింద ఎర్రగా ఏదో ఉంది.

ఎవడో ఆమెకు వండిపెడుతున్నాడు. అనుమానానికి ఆధారం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. నాకది బోలెడంత ఉంది. తర్వాతి నాలుగు గురువారాలూ ఈతకొలను దగ్గర టికెట్లిచ్చే ఆవిడను అడిగాను. అలాంటి పిల్ల రానేలేదంది. నాలుగోసారి నా వంక జాలిగా చూసింది.

శనివారం మధ్యాహ్నం బొరోక గొడ్డుమాంసం కొనుక్కొచ్చింది.

"ఇవాళ పొర్కొల్త్ నేను వండుతున్నాను." ఆ మాంసం కూర చిక్కగా కుదరాలి, పల్చనైతే మా ఊళ్ళో నవ్వుతారు.

మా ఇంటి రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. దాన్ని తిరిగి అడగడానికి రెండు రోజులుగా ఒక వాక్యం సిద్ధం చేసుకుంటున్నాను. ముందు వేరే మాట వచ్చింది.

"నీకొచ్చా? అమ్మ పుట్టినరోజున ఏం చేశావో గుర్తుందా?"

"మాంసం మునిగేదాకా నీళ్ళు పోశాను. మీ అమ్మ గరిటె కింద పెట్టి, 'ఇది సూపమ్మా' అంది. సెగెద్ ఊరంతా గుర్తు పెట్టుకుంది, నేను మర్చిపోతానా?"

ఉల్లిపాయలు బంగారు రంగుకు వచ్చాక కుండను పొయ్యి మీంచి దించి, మడిచిన తడిగుడ్డ మీద పెట్టింది. చెంచాతో అంచు మీద రెండుసార్లు కొట్టింది.

"ఇప్పుడెవ్వరూ మాట్లాడొద్దు," అని మిరపపొడి వేసింది.

మంట మీదుండగా వేస్తే మిరపపొడి మాడి చేదెక్కుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ అలా రెండుసార్లు కొట్టి ఇంటిల్లిపాదినీ నోరు మూయించే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును.

"గురువారాలు... అమ్మ దగ్గరికా?"

"కుదిరేదాకా నీకు చెప్పొద్దంది ఆంటీ. ఏం పెట్టినా బాగుందంటావట. నీ నాలుకను నమ్మకూడదట."

నవ్వాను. ఆ తేలికలో నోరు జారింది.

"నేను కొలను దగ్గరికెళ్ళి అడిగాను."

చెంచా ఆగింది. "ఎన్నిసార్లు?"

"నాలుగు."

"టికెట్లావిడను నాలుగుసార్లు అడిగావు. నన్ను ఒక్కసారి అడగలేకపోయావా?"

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. నేను సిద్ధం చేసుకున్న వాక్యంతో పనే పడలేదు.

మాంసం వేసి మూతపెట్టి కుండను మళ్ళీ పొయ్యి ఎక్కించింది. కాసేపటికి కుండ చిటపటలాడింది. కంగారుపడి నీళ్ళ జగ్గు అందుకున్నాను.

"పెట్టక్కడ! దాని నీరు అదే వదులుతుంది. నీకు మాంసం మీద కూడా నమ్మకం లేదా?"

కూర ఉడకడం మొదలై మూడు గంటలు దాటాక అమ్మ వచ్చింది, నొకెడ్లి పిండిముద్దలు మరిగే నీళ్ళలోకి దించే చిల్లుల రేకు చంకలో పెట్టుకుని. కోటు విప్పకుండానే మూత తీసి, పులుసు చెంచాడు పళ్ళెంలో వేసి వంచి చూసింది. చుక్క జారలేదు, అంచున ఎర్రటి కొవ్వు మెరిసింది.

"సూపు కాదు," అంది.

అమ్మ నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు. చిల్లుల రేకు బొరోక చేతిలో పెట్టాక, బల్ల మీది తాళంచెవినీ నా మొహాన్నీ చూసింది. కొలను దగ్గర నేను అడిగిన సంగతి బొరోక చెప్పింది.

"అచ్చం వాళ్ళ నాన్నే. నేను పాటలు నేర్చుకోవడానికి వెళ్తే, ఆర్నెల్లు దొంగచాటుగా నా వెనకాలే వచ్చాడు."

"మీరేం చేశారాంటీ?"

"ఎలాగూ వస్తున్నాడు కదా అని సంచులు మోయించాను."

బొరోక నవ్వు ఆపుకోవాలని చూసింది, వల్లకాలేదు. చిల్లుల రేకును గోడమేకుకు తగిలించింది.

"కూర పైన వేసుకోవడానికి పుల్లమీగడ లేదు. కొట్టు మూసేలోపు వెళ్ళాలి."

తాళంచెవి తీసి మళ్ళీ జేబులో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"సంచి పట్టుకో, వెండెల్. వెనకాల కాదు. పక్కన నడువు."